హలీమమ్మ వాకిలి

రాయకోటలో కొత్తగా కడతా ఉన్న ఇంట్లో యశ్వంత్ ఒక్కడే టైల్స్ పరుస్తా ఉండాడు. హొసూరు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే వాళ్ళక్క నందిత మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి, తడి నేల తొక్కకుండా గడప దగ్గరే నిలబడింది. వాడు ఇజ్రాయెల్‌కు పనికి పోయినప్పటినించి ఇద్దరూ మొగం మొగం చూసుకోవడం ఇదే.

"ఆడ తొక్కద్దక్కా. ఆ పక్క ఇంకా ఆరలేదు."

"తొక్కలేదులేరా. ఈడే ఉంటాను."

"నిలుచుకోని ఎందుకు? ఆ సిమెంటు మూట మీద కూర్చో. పేపరేసుకో, చీరకంటుతుంది."

"ఈ రూముకి టైల్స్ వేయడం ఇది మూడోసారంట. వేస్తావంట, మళ్ళా పెరికేస్తావంట. అమ్మ చెప్పింది."

"అమ్మకేం తెలుసు."

"పెరికినావా, లేదా?"

"డొల్ల ఉండాది."

"ఏం ఉండాది?"

"టైల్ కింద డొల్ల. సుత్తితో తడితే తెలుస్తుంది. గట్టిగా కూర్చునింటే ఒక సద్దు, కింద ఖాళీ ఉంటే ఇంకో సద్దు. విను. ఇది... ఇది... ఇదో, ఇది! విన్నావా?"

"అన్నీ ఒకటే మాదిరి ఉండాయి కదరా."

"లేదు. నీకు తెలీదు. ఇదో, అమ్మ కూడా వచ్చింది."

"వాని చెవుల్లో ఏదో దోషముండాది నందితా! మొన్న నాగేశప్ప మేస్త్రిని పిలిపించినాను. ఆయన ప్రతి టైలూ తట్టి చూసి, ఎక్కడా డొల్ల లేదమ్మా, అంతా రాయి మాదిరి ఉండాది అని చెప్పి పోయినాడు. ఆయన అట్ల పోయినాడో లేదో వీడు గడ్డపార ఎత్తుకున్నాడు. సరే, రండి ఇద్దరూ. సంగటి చల్లారిపోతా ఉండాది."

"వస్తాం పోమ్మా."

"ఎప్పుడు వస్తారు?"

"వస్తాం అమ్మా! నువ్వు పో."

"చూసినావా, ఎట్ల అరుస్తాడో? ఇట్ల ఉండలేదు వీడు. పోయొచ్చినాక ఇట్లయినాడు."

"నువ్వు పోమ్మా. నేను మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు నాతో? నీ సంగతి నాకు తెలీదా అక్కా? జేసీబీకి అడ్డంపోయి నిలబడినావంట."

"ఎవరు చెప్పినారు?"

"మీ వార్డులో చేస్తుందే, తనూజ. అమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆస్పత్రి ముందర కాలువ తవ్వేదానికి జేసీబీ వస్తే, సూదిమందు చేతిలో పట్టుకోనే పరిగెత్తి పోయినావంట. దాని ముందర రెండు చేతులూ పైకెత్తి నిలబడినావంట. డ్రైవరు దిగొచ్చి, ఏమమ్మా ఇంట్లో కొట్లాడి వచ్చినావా అని అడిగినాడంట."

"అది ఎండదెబ్బ."

"ఎండదెబ్బ."

"ఔను."

"వానాకాలంలో ఎండదెబ్బ."

"గమ్మునుండరా."

"ఉంటాను. నువ్వూ ఉండు. నేను టైల్స్ పెరుక్కుంటాను, నువ్వు జేసీబీలకు అడ్డంపో. సరిపోయింది."

"యశ్వంతా."

"ఊఁ."

"నన్ను ఏమీ అడగవా?"

"ఏం అడగాల? జోర్డాన్‌లో నర్సు ట్రైనింగని అమ్మకు చెప్పి పోయినావే, అది ఎట్ల జరిగింది? బాగా జరిగిందా?"

"జోర్డాన్‌లో ఉన్నది ఒక్క పూట. బస్సు మారేదానికి. జోర్డాన్ నది మీద బ్రిడ్జి దాటి ఆ పక్కకు పోయినాను. చలికాలమంతా పాలస్తీనా వాళ్ళ పల్లెలో ఉన్నాను. సుత్తి ఎందుకు కింద పెట్టినావు?"

"చెయ్యి నొస్తా ఉండాది. ఎవరు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నేనే పోయినాను. బెంగుళూరులో ఆదిలక్ష్మమ్మగారని ఉండారు, బడిలో టీచరుగా చేసి రిటైరైనారు. ఆమె, ఇంకో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు ఏడాదికొకసారి పోతారు. ఆడ ఊళ్ళ చుట్టూ ఇజ్రాయెల్ మిలిట్రీ. బాయికి పోవాలన్నా, గొర్రెలు తోలాలన్నా, కాన్పు నొప్పులొచ్చి ఆస్పత్రికి పోవాలన్నా వాళ్ళు గేటు తీయాల. తీస్తే తీస్తారు, లేకపోతే లేదు. బయటిదేశం వాళ్ళు ఎవరైనా ఆ ఇండ్లల్లో ఉంటే, ఫోన్ పట్టుకోని చూస్తా ఉంటే, చెయ్యి చేసుకునేదానికి రవ్వంత వెనకాడతారు. అంతే మా పని. ఉండడం. చూడడం."

"దానికి పోయినావు."

"పోయినాను."

"చూసి ఏం చేసినావు?"

"బీపీ చూసినాను. ఆడోళ్ళంతా మాత్రల అట్టలు కొంగుల్లో ముడేసుకోని వచ్చేవాళ్ళు. ఏది పొద్దున, ఏది రాత్రి అని చెప్పేదాన్ని, చేతుల్తోనే. నవ్వేవాళ్ళు. నా భాష వాళ్ళకు రాదు, వాళ్ళ భాష నాకు రాదు. అయినా నిద్రపోయే ఒరకూ మాట్లాడుకునేవాళ్ళం."

"బాగుండాది. కథ మాదిరి ఉండాది. లెయ్, తిందాం దా."

"ఏ ఊరని అడగవా?"

"ఆడ వంద ఊళ్ళుండాయి. పేరు చెప్తే మాత్రం నాకు తెలుస్తుందా?"

"నీ కొండ కింద ఊరు. దీపావళికి అమ్మకు ఫోటో పంపినావే. స్లాబు మీద పసుపు టోపీ పెట్టుకోని నవ్వతా. వెనకాల పల్లంలో రేకుల కొట్టాలు, ఒక నీళ్ళ తొట్టి, ఇంత ఇంత గొర్రెలు. అమ్మ నిన్ను చూసింది. వందమందికి చూపించింది, నా కొడుకు ఎంత పెద్ద బిల్డింగు కడతా ఉండాడో చూడండి అని. నేను నీ వెనకాల చూసినాను. ఆదిలక్ష్మమ్మగారికి చూపిస్తే, ఈ ఊరు నాకు తెలుసు, ఈ ఇంట్లో నేను పడుకున్నాను అన్నారు."

"అందుకని ఆ ఊరే కావాలన్నావు."

"ఔను."

"నాకు ఒక్క ఫోన్ చేసింటే..."

"చేసి ఏం చెప్పాల? కిందినించి చెయ్యి ఊపాల్నా?"

"నన్ను చూసినావా?"

"రోజూ చూసినాను. అన్నీ పసుపు టోపీలే. అందులో నువ్వెవరో తెలీదు. పొద్దున్నే టైల్ కోసే మిషన్ సద్దు వచ్చేది. హలీమమ్మ అప్పుడే వాకిలి చిమ్మతా ఉండేది. రాత్రి జీపులు వచ్చి పోయినాయంటే టైర్ల అచ్చులు పడతాయి కదా, పిలకాయలు లేచి చూసేలోపల వాటిని చిమ్మేస్తుంది. రోజూ అంతే. కింద ఆమె పరక సద్దు, పైన మిషన్ సద్దు. ఆ మిషన్ పట్టుకున్నోడు నా తమ్ముడే అనుకునేదాన్ని."

"నేనే. కోత పని నాదే."

"తెలుసు."

"నేను ఎవరి జాగా ఆక్రమించలేదక్కా. ఏజెంటు పంపినాడు, పోయినాను. కొండ మీద కాలనీ కట్టమన్నారు, కట్టినాను. ఎవరికి కడతా ఉండారు, యాడ కడతా ఉండారు అని హొసూరులో అడిగితే మనకి పనిస్తారా?"

"నిన్నేమన్నా అన్నానా?"

"అన్నట్టే ఉండాది."

"హలీమమ్మ కొడుకు రషీదు కూడా టైల్ పనోడే. ఆ కొండ మీదే చేసేవాడు. యుద్ధం మొదలైనాక వాళ్ళకి పర్మిట్లు ఆపేసినారు. ఆ జాగాకి మిమ్మల్ని తెప్పించుకున్నారు."

"ఇదో, ఇదే. అంటా ఉండావు కదా."

"అనలేదురా! వాడు కూడా నిన్ను ఏమీ అనలేదు. గోడకానుకోని కూర్చోని పైనించి వచ్చే సద్దు వింటా, పెద్ద టైల్ కోస్తా ఉండారు, బ్లేడు మొద్దుబారింది అని చెప్పేవాడు. వాని పెండ్లాం నాకు చేతుల్తో చూపించేది, వీనికి పని లేక పిచ్చి పట్టింది అని."

"చాలక్కా."

"ఒకరోజు హలీమమ్మ అడిగింది, నీకు అన్నదమ్ములు ఉండారా అని. రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి అడుగుతుంది అట్ల."

"ఏం చెప్పినావు?"

"లేరన్నాను. ఒక్కదాన్నే అన్నాను. ఇంకేం చెప్పాల యశ్వంతా? పైన వినపడతా ఉండాదే, అది నా తమ్ముడే అని చెప్పాల్నా? వాళ్ళ పొయ్యి దగ్గర కూర్చోని, వాళ్ళ రొట్టె తింటా?"

"మళ్ళా అడగలేదా?"

"అడగలేదు. ఇంకో రొట్టె తుంచి చేతిలో పెట్టింది. అంతే. నా సంగతి వదిలిపెట్టు. నేను వచ్చింది ఇంకొకటి అడిగేదానికి."

"నాకు తెలుసు నువ్వు ఏం అడుగుతావో. నాకు తెలీదు."

"అడగకముందే తెలీదంటావేమి?"

"తెలీదు కాబట్టి తెలీదు."

"ఆ పొద్దు జీపులు పెందలకాడే వచ్చినాయి. ఈ జాగా మిలిట్రీది, బయటోళ్ళు ఎవరూ ఉండకూడదు అని కాగితం చూపించినారు. ఆ ఊళ్ళో ఉన్న మా ముగ్గురినీ ఒక్కొక్కరిగా జీపెక్కించినారు. వెనకాల ఇండ్లు పడగొట్టే పెద్ద మిషన్ వస్తా ఉండాది, దాని బీప్ బీప్ సద్దు. హలీమమ్మ గడప మీద కూర్చునుండాది. అందరూ మూటలు కట్టుకుంటా, పిలకాయల్ని లాక్కుంటా ఉండారు. ఆమె మాత్రం లేవలేదు. పరక ఒడిలో పెట్టుకోని కూర్చునింది. జీపు మలుపు తిరిగింది. అంతే నాకు తెలిసింది. సాయంత్రానికి మమ్మల్ని దేశం దాటించేసినారు."

"ఫోన్ చేసి చూసినావా?"

"ఎవరిదీ పోదు. ఊరంతా చెదిరిపోయిందంట. ఒక ఇంటోళ్ళు ఒక తావున, ఇంకో ఇంటోళ్ళు ఇంకో తావున. ఆదిలక్ష్మమ్మగారు ఎంతమందినో అడిగినారు. రషీదు ఎక్కడుండాడో తెలిసింది, వాడు జైల్లో ఉండాడు. హలీమమ్మ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె ఆ గడప మీదినించి లేచిందా, లేదా? మిషన్ వచ్చేటప్పటికి ఆమె యాడుండాది? ఇది ఒక్కటే నాకు కావాల. నువ్వు పైనున్నావు. నువ్వు చూసినావు."

"చూళ్ళేదు. ఆ పొద్దు మేము లోపల బాత్రూములు చేస్తా ఉన్నాం."

"లోపలా?"

"లోపలే. మెడ తిప్పే తీరికలేని పని."

"టైల్ మిషన్ ఆ పొద్దు ఆగిపోయింది యశ్వంతా. నన్ను జీపెక్కించేటప్పుడు ఆ కొండ మీదినించి ఒక్క సద్దు రాలేదు. తలెత్తి చూస్తే పసుపు టోపీలన్నీ వరసగా నిలబడి ఉండాయి. మీరంతా చూస్తా ఉండారు. చూసినావు కదా?"

"చూసినాను."

"చెప్పు."

"ఒకామె జీపెక్కేటప్పుడు వెనక్కి తిరిగి తిరిగి చూసింది. తలకు గుడ్డ చుట్టుకోనుండాది, మొగం కనపడలేదు. నడక మాత్రం... మన అక్క నడక మాదిరి ఉండాదే అనుకున్నాను. ఎడమకాలు రవ్వంత లాగినట్టు. నా పక్కనున్న బీహారోనికి కూడా చెప్పినాను, మా అక్క ఇట్లే నడుస్తుంది అని."

"నేనేరా అది."

"ఔను."

"ఔనంటావేమి? నీకు ముందే తెలుసా?"

"చెప్తాను. ఉండు. నన్ను తొందరపెట్టద్దు. హలీమమ్మ నాకు తెలుసు."

"తెలుసంటే? పైనించి చూసి..."

"తెలుసు అక్కా. మాట్లాడినాను. నేను పోయిన కొత్తలో, ఒక గొర్రెపిల్ల కంచె సందులో దూరి పైకి వచ్చేసింది. కూలోళ్ళంతా రాత్రికి దాన్ని వండుకుందామని ఎగరతా ఉండారు. నేను దాన్ని భుజం మీదేసుకోని కిందికి దిగినాను. శనివారం ఆడ పని ఉండదు. హలీమమ్మ వాకిట్లో నిలబడి ఉండాది. దాన్ని తీసుకోని, నన్ను పైనించి కిందికి చూసి, లోపలికి పోయి రొట్టె తెచ్చి ఇచ్చింది. నూనెలో అద్ది. ఆడ నూనె పచ్చగా, ఘాటుగా ఉంటుంది కదా."

"ఔను."

"వచ్చే శనివారం కూడా పోయినాను. ఆ తరువాత శనివారం కూడా. ఊరికే గోడ మీద కూర్చునేవాన్ని. కొన్ని మాటలు నేర్పించింది. రొట్టెకి ఏమంటారు, అమ్మకి ఏమంటారు, అక్కకి ఏమంటారు. రషీదు మాత్రం వచ్చేవాడు కాదు, లోపలే ఉండేవాడు. ఎందుకో అప్పుడు తెలీదు. ఇప్పుడు నువ్వు చెప్తే తెలిసింది."

"నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు నాకు చెప్పినావా? చలి మొదలయ్యేటప్పటికి గేటుకి తాళమేసినారు. కిందికి ఎవరూ పోకూడదన్నారు. మళ్ళా పోలేదు."

"నేను చలికే పోయినాను."

"తెలుసు. నువ్వు పోకముందే... నేను ఆమెకు ఫోన్‌లో ఫోటోలు చూపించినాను. అమ్మని. ఈ ఇంటి పునాదిని. నిన్ను."

"నన్నా?"

"నర్సు గుడ్డల్లో ఉండావే, ఆ ఫోటో. ఆమె పేరు అడిగింది. నందిత అని చెప్పినాను. నోరు తిరిగే ఒరకూ నాలుగైదుసార్లు అనుకునింది."

"లేదు."

"ఏం లేదు?"

"గుర్తుపట్టి ఉండదు. ఫోన్‌లో ఇంత ఫోటో. ఆమెకు ఒక కంట్లో శుక్లం ఉండాది, నేనే చూసినాను. దారిలో పోయే మనిషినే పోల్చుకోలేదు. నందితలు ఎంతమందుండరు? గుర్తుపట్టింటే అడిగుండదా? ఒక్కదాన్నే అని చెప్తే ఊరికే ఉండేదా?"

"ఏమో."

"గుర్తుపట్టింటే నన్ను ఇంట్లో పెట్టుకుంటుందా?"

"ఏమో అక్కా."

"నువ్వు సంగతికి రా. గడప మీదినించి లేచిందా?"

"లేవలేదు. మీ జీపు పోయినాక మిషన్ ఆమె ఇంటి ముందర వచ్చి ఆగింది. సోల్జర్లు చిన్న పిలకాయలు, మన ఊళ్ళో కాలేజీకి పోయే వయసు. ముసలామెను పట్టుకునేదానికి వాళ్ళకే చెయ్యి రాలేదో, ఏమో. వాళ్ళలో పెద్దాయన పైకొచ్చి మా సూపర్‌వైజరుతో మాట్లాడినాడు. సూపర్‌వైజరు వచ్చి, ఒళ్ళు గట్టిగున్నోళ్ళు రండి, కింద సామాను బయట వేయాల, మిషన్‌కు ఆలస్యమవుతా ఉండాది అన్నాడు."

"పోయినావా యశ్వంతా?"

"పోయినాను. ఇంకొకడు ఆమె మీద చెయ్యి వేయకూడదని పోయినాను. లేదు... ఇప్పుడు అట్ల అనుకుంటా ఉండాను. అప్పుడు ఎందుకు పోయినానో తెలీదు. రండి అన్నారు, దిగినాను."

"లోపలికి పోయినావా?"

"పోయినాను. రేకుల వెనకాల గవి. కొండను తొలిచి చేసింది. ఎంత చల్లగా ఉండాదో. పరుపులు మడిచి ఒకదానిమీద ఒకటి, నేల అద్దం మాదిరి. నా బూట్ల సద్దు నాకే మారుమోగింది. అడుగేస్తే డొల్లగా... అదే సద్దు అక్కా. ఇప్పుడు ఏ టైల్ తట్టినా నాకు అదే వస్తా ఉండాది. నాగేశప్పకి ఎట్ల వినపడుతుంది?"

"ఆమె?"

"అంతా బయటేసినాక ఆమె ఒక్కతే మిగిలింది. నేను ముందుకు పోయినాను. వంగి, రెండు చేతులూ కింద పెట్టి ఎత్తుకున్నాను. మన అవ్వను కడపటి రోజుల్లో ఎత్తుకునేవాన్నే, అట్ల. బరువే లేదు. పరక మాత్రం వదల్లేదు, దాన్ని కూడా ఎత్తుకున్నాను."

"బతికుండాది."

"బతికే ఉండాది. నేనే ట్రాక్టరు ట్రాలీలో పరుపుల మీద కూర్చోబెట్టినాను. ట్రాక్టరు టౌను రోడ్డు పక్క పోయింది. ఆడినించి యాడికి పోయిందో తెలీదు. ఆ సాయంత్రమే నేను సంచి సర్దుకున్నాను."

"నిన్ను గుర్తుపట్టిందా?"

"టోపీ తనే తీసేసింది. ఎత్తుకోని నడస్తా ఉంటే. మొగమ్మీద సిమెంటు దుమ్ము ఉండాది, దాన్ని ముసుగు కొసతో తుడిచింది."

"తిట్టిందా?"

"లేదు."

"ఏడ్చిందా?"

"లేదు. వాకిలి దాటేదాకా నా మొగమే చూసింది. ట్రాలీ దగ్గరికి వచ్చినాక తల దగ్గరికి లాక్కోని చెవిలో చెప్పింది. మిషన్ సద్దు కదా."

"ఏం చెప్పింది?"

"నాకు వచ్చింది నాలుగు మాటలే. ఆ నాలుగు మాటల్తోనే చెప్పింది. చేత్తో రోడ్డు చూపించి, నన్ను చూపించి, రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టి."

"ఏం చెప్పిందిరా?"

"ఏమిరా మీ ఇద్దరికీ! ఎన్నిసార్లు పిలవాల? ఆ సంగటి నేను కుక్కకు పెట్టేస్తాను!"

"అమ్మా, రవ్వంత ఉండు! యశ్వంతా, నా పక్క చూడు. హలీమమ్మ ఏం చెప్పింది?"

"'మీ అక్క ఇప్పుడే పోయింది. రవ్వంత ముందర వచ్చింటే ఇద్దరూ కలిసుందురే నాయనా' అనింది."